పరాకు పిల్లలను పట్టించుకోండి

సంపాదకులకు నమస్కారం.

బడి నుంచి తల్లిదండ్రులకు కబురొచ్చిందంటే అది చాలావరకు అల్లరి గురించే అయి ఉంటుంది. "మీవాడు పక్కవాణ్ని గిల్లుతున్నాడండీ", "కుదురుగా కూర్చోడండీ" అంటారు. అల్లరి కనబడుతుంది, వినబడుతుంది, తరగతికి అడ్డం వస్తుంది. పలక మీద అక్షరం సగంలో వదిలేసి, కిటికీలోంచి కొబ్బరిచెట్టు మీది ఉడతను చూస్తూ ఉండిపోయే పిల్ల గురించి మాత్రం ఎవరూ కబురు పంపరు. ఆ పిల్ల కొట్టదు, ఏడవదు, ఎదురు చెప్పదు. అయితే చిన్ననాటి ప్రవర్తనకూ పెద్దయ్యాక సంపాదనకూ ఉన్న సంబంధం మీద ఇతర దేశాల్లో జరిగిన పరిశోధన చూస్తే ముందుగా పట్టించుకోవలసింది ఈ పరాకు పిల్లల్నే. గోదావరి డెల్టాలో పిల్లల వైద్యం, అంగన్‌వాడీ శిక్షణ, ప్రాథమిక బోధన చేస్తున్న మేం కొందరం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం.

కెనడాలోని క్యుబెక్‌లో 1980, 1981లలో పుట్టిన 2,850 మంది పిల్లలకు ఐదారేళ్ల వయసులో వాళ్ల టీచర్లే ప్రవర్తన పట్టిక మీద మార్కులు వేశారు. ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం, దూకుడు, ఎదురుతిరగడం, బెదురు, తోటివాళ్లకు సాయపడే గుణం దేనికది విడిగా చూశారు. వాళ్లు 33 నుంచి 35 ఏళ్ల వాళ్లయ్యాక సంపాదన ఎంతన్నది పన్ను రికార్డుల్లోంచి తీశారు. నోటిమాటగా అడిగి రాసుకున్న లెక్క కాదు. 2019లో జామా సైకియాట్రీ పత్రికలో వచ్చిన ఫలితం ఇది: పిల్లల తెలివితేటలు, ఇంటి పరిస్థితులు లెక్కలోంచి తీసేశాక కూడా, ధ్యాస లోపం ఒక్క మార్కు పెరిగితే మగవాళ్ల ఏడాది సంపాదన సుమారు 1,271 డాలర్లు, ఆడవాళ్లది సుమారు 924 డాలర్లు తక్కువగా ఉంది. మగపిల్లల్లో దూకుడుకూ నష్టం ఉంది, కానీ ఒక మార్కుకు 700 డాలర్ల దగ్గరే. సాయపడే గుణం ఉన్న మగపిల్లలకు మార్కుకు 477 డాలర్ల దాకా ఎక్కువ వచ్చింది. పెద్దలు ఎక్కువగా విసుక్కునే కుదురులేనితనానికి సంపాదనతో చెప్పుకోదగ్గ సంబంధం విడిగా తేలలేదు.

ఇక్కడ ఒక లెక్క వేసి చూడాలి. ఆ వయసులో అక్కడి మగవాళ్ల సగటు సంపాదన 33 వేల డాలర్లు, ఆడవాళ్లది 19 వేల పైచిలుకు. శాతంలోకి మారిస్తే మగవాళ్ల నష్టం నూటికి నాలుగు లోపు, ఆడవాళ్లది నూటికి ఐదుకు దగ్గర. అంటే 924 అనే అంకె చిన్నదిగా కనబడుతోంది గానీ, ఆడపిల్లలకే దెబ్బ గట్టిగా తగులుతోంది. పైగా ఆడపిల్ల పరాకుగా ఉంటే "నెమ్మదైన పిల్ల, బుద్ధిమంతురాలు" అని మెచ్చుకుని వదిలేస్తాం.

అల్లరికి శిక్ష వేయాలని చూసేవాళ్లు తెలుసుకోవలసిన మరో సంగతి ఉంది. బ్రిటన్‌లో 1958 మార్చిలో ఒకే వారంలో పుట్టిన పిల్లల్ని దశాబ్దాల పాటు వెంబడించి చూశారు. టీచర్ల లెక్కలో దుడుకు పిల్లలు చదువులో వెనకబడ్డారు. పనిలో చేరాక మాత్రం సంపాదనలో వెనకబడలేదు సరికదా, సగటున కాస్త ఎక్కువే తెచ్చుకున్నారు. ముడుచుకుపోయే పిల్లలు చదువులోనూ సంపాదనలోనూ నష్టపోయారు. కాబట్టి "అల్లరి చేస్తే బాగుపడడు" అన్న మాట అన్నిచోట్లా నిజం కాదు.

ఈ అంకెలు చూసి ఏ తల్లీ బెంగపెట్టుకోవద్దు. 2,850 మంది సగటును ఒక పిల్లాడి జాతకంగా చదవకూడదు. ధ్యాస తక్కువగా ఉండి చక్కగా సంపాదించినవాళ్లు అక్కడా ఎందరో ఉన్నారు. డాలర్లను రూపాయల్లోకి మార్చి మన పిల్లలకు అంటగట్టడం కూడా తప్పే. వరి, కొబ్బరి, చెరువులు, నరసాపురం లేసు, గల్ఫ్ కొలువులతో నడిచే ఇళ్ల సంపాదన చాలావరకు పన్ను రికార్డుల్లోకి ఎక్కదు. పేదరికంలో పెరిగే పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించే యంగ్ లైవ్స్ అధ్యయనం 2002లో మొదలైంది. అందులో అప్పటి పశ్చిమగోదావరి జిల్లా పిల్లలూ ఉన్నారు. అప్పటి పసివాళ్లు ఇప్పుడు ఇరవై దాటారు. మన ప్రాంతం మాట మన పిల్లల లెక్కతో చెప్పాలంటే విశ్వవిద్యాలయాలు తవ్వుకోవలసిన గని అది.

ధ్యాసకూ సంపాదనకూ లంకె ఎక్కడ పడుతుందో తెలియాలంటే రొయ్యల చెరువు గట్టు మీద ఒక రాత్రి చూస్తే చాలు. మేత చల్లాక రెండు గంటలకు చెక్ ట్రేలు ఎత్తి, మేత ఎంత మిగిలిందో చూసి పుస్తకంలో రాయాలి. దాన్ని బట్టే తర్వాతి మేత. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయే వేళ, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ చప్పుడు ఆగిపోతే నిద్రమత్తులోనూ పసిగట్టాలి. ఈ పనికి డిగ్రీ అక్కర్లేదు, తెగని ధ్యాస కావాలి. అది ఉన్నవాణ్ని ఆసామి రెండో పంటకూ పిలుస్తాడు, జీతం పెంచుతాడు, ఒకనాటికి చెరువే అప్పజెబుతాడు. ఒక్క రాత్రి పరాకుకు చెరువంతా తేలిపోయిందంటే అతణ్ని మళ్లీ ఎవరూ పెట్టుకోరు. లేసు కుట్టులోనైనా, నర్సు కొలువులోనైనా, బ్యాంకు కౌంటర్లోనైనా ఇంతే.

ఇక గుర్తించడం గురించి. క్యుబెక్ టీచర్లు ధ్యాస కోసం చూసినవి నాలుగే సంగతులు, అవి ఏ అంగన్‌వాడీ కార్యకర్తకైనా తెలిసినవే. చేస్తున్న పని మీద మనసు నిలపలేకపోవడం, చిన్న చప్పుడుకే దృష్టి మళ్లడం, ఎక్కడో ఆలోచిస్తూ ఉండిపోవడం, మొదలుపెట్టింది ముగించకుండా వదిలేయడం. ఒక్కోదానికి "లేదు" అయితే సున్న, "అప్పుడప్పుడు" అయితే ఒకటి, "తరచు" అయితే రెండు. చూడ్డానికి ఇంత సులువు కాబట్టే తప్పులూ సులువుగా దొర్లుతాయి.

జూన్, జూలైల్లో ఈ మార్కులు వేయకూడదు. కొత్త బడి, కొత్త మొహాలు, ఇంటి బెంగ. ఆ రోజుల్లో ఏ పిల్లకూ ధ్యాస ఉండదు. నవంబరులో ఒకసారి, ఫిబ్రవరి చివర మరోసారి వేస్తే సరిపోతుంది. సంక్రాంతికి అటూ ఇటూ పిల్లలు బడి మీద ఉండరు కనుక జనవరి వదిలేయాలి. వేసే ముందు కనీసం రెండు వారాలు చూడాలి, పొద్దుటిపూటా భోజనం తర్వాతా విడివిడిగా చూడాలి. రొయ్యల షెడ్లలో తలకాయలు తీసే పనికి తెల్లవారకముందే వెళ్లిపోయే తల్లుల పిల్లలు చాలామంది టీ, బిస్కెట్టుతో వస్తారు. పదకొండు గంటలకు వాళ్లలో కనిపించేది ఆకలి. అన్నం తిన్నాక అదే పిల్ల పాటకు గొంతు కలిపి, బొమ్మ పూర్తిచేసిందంటే ఆమెకు కావలసింది పొద్దుటి గుడ్డు, ధ్యాస మార్కు కాదు.

వయసు కూడా చూడాలి. ఒకే తరగతిలో జూన్‌లో పుట్టినవాడూ, మరుసటి మేలో పుట్టినవాడూ పక్కపక్కనే కూర్చుంటారు. ఐదేళ్ల వయసులో పదకొండు నెలలంటే బతుకులో ఆరో వంతు కన్నా ఎక్కువే. తరగతిలో అందరికన్నా చిన్నవాళ్లకు ధ్యాస జబ్బు ముద్ర ఎక్కువగా పడుతోందని చాలా దేశాల్లో తేలింది. అందుకే పట్టిక మీద పేరు పక్కనే పుట్టిన నెల రాసి, ఆ నెలల పిల్లలతోనే పోల్చాలి. అన్నిటికంటే పెద్ద తప్పు ఇంకొకటుంది: టీచరుకు చిరాకు తెప్పించే పిల్లాడికి నాలుగు ప్రశ్నలకూ రెండేసి మార్కులు పడిపోవడం. దీనికి విరుగుడుగా, ఒక్కో పిల్లకు నాలుగు ప్రశ్నలూ వరసగా నింపేయకుండా, ఒక్కో ప్రశ్నకు తరగతి అంతా చూసి మార్కులు వేయాలి. ఆయాతో వేరే కాగితం మీద వేయించి రెండూ పోల్చుకుంటే ఇంకా మంచిది.

అమ్మ గల్ఫ్ వెళ్లిపోగా అమ్మమ్మ దగ్గరో మేనత్త దగ్గరో పెరిగే పిల్లలు మన డెల్టా పల్లెల్లో ఉన్నారు. నిన్నటిదాకా బాగా ఉన్న పిల్ల మూడు వారాల్లో మారిపోయిందంటే అది బెంగ, స్వభావం కాదు. ఆ మార్పు మొదలైన తేదీ పట్టిక మీద రాయాలి. ఆ పిల్లకు కావలసింది రోజూ ఒకే వేళకు అమ్మ ఫోను, బడిలో రోజూ కనబడే ఒకే మనిషి.

నాలుగు ప్రశ్నల్లో మార్కులు ఎక్కువ వచ్చిన పిల్లను వెంటనే మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లక్కర్లేదు. ముందు చెవులు చూడాలి. డెల్టా పిల్లల్లో పరాకు అనుకునేది వినికిడి లోపంగా తేలడం తరచు జరిగేదే. వానాకాలం జలుబు తగ్గాక కర్ణభేరి వెనక జిగురు నీరు మిగిలిపోతుంది. నొప్పి ఉండదు, చీము కారదు, జ్వరం రాదు. ఒకరోజు బాగా వినబడుతుంది, మరునాడు నీళ్లలో మునిగి విన్నట్టు ఉంటుంది. అందుకే "కావాలని విననట్టు నటిస్తున్నాడు" అని ఇంట్లో తిడతారు. ఇది చాలామందికి మూడు నెలల్లో దానంతటదే పోతుంది. పోకపోతే చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించాలి. కాలవలో, చెరువులో ఈదే పిల్లలకు చీము కారే చెవి వేరే సమస్య. కొబ్బరినూనె వెచ్చచేసి చెవిలో పోసే అలవాటు మానాలి. కర్ణభేరికి చిల్లు ఉంటే ఆ నూనె లోపలి చెవికే చేటు.

చెవి పరీక్షకు యంత్రం కొనక్కర్లేదు. సద్దు లేని గదిలో పిల్ల వెనక చెయ్యి చాచినంత దూరంలో నిలబడాలి, పెదాలు కనబడకూడదు. ఒక చెవి రంధ్రం ముందుండే చిన్న బుడిపెను వేలితో మెల్లగా నొక్కి రుద్దుతూ ఆ చెవి మూయాలి. ఊపిరి పూర్తిగా వదిలేసి, గుసగుసగా ఒక్కో మాటా చెప్పాలి: కాకి, బంతి, పిల్లి, గొడుగు, చేప, ఇల్లు. ఆరింటిలో కనీసం మూడు సరిగా తిరిగి చెప్పాలి. తర్వాత రెండో చెవికి వేరే ఆరు మాటలు. సిగ్గుపడి నోరు విప్పని పిల్లకు బొమ్మల కార్డులు ముందు పెట్టి వేలు పెట్టమనాలి. ఊపిరి వదలకుండా చెబితే గొంతు పెద్దదై లోపం దాగిపోతుంది. చాలామంది చేసే పొరపాటు ఇదే.

తర్వాత రక్తం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 63 మందికి రక్తహీనత ఉంది. ఇనుము తక్కువైన పిల్ల నీరసంగా, చిరాగ్గా, పరాకుగా ఉంటుంది. మందు ప్రభుత్వం ఉచితంగానే ఇస్తోంది. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లలకు వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు సిరప్పు, అందులో 20 మిల్లీగ్రాముల ఇనుము. ఐదు నుంచి తొమ్మిదేళ్ల వాళ్లకు వారానికి ఒక గులాబీ రంగు మాత్ర, 45 మిల్లీగ్రాములు. మందు అందుతోంది, ఇంట్లో ఆగిపోతోంది. మలం నల్లగా రావడం చూసి తల్లులు భయపడి మానేస్తారు. నల్లగా రావడం మామూలే. పళ్లు మచ్చపడతాయని మానేస్తారు. నాలుక వెనక భాగంలో వేసి నీళ్లు పట్టిస్తే మచ్చ పడదు. పాలతో, టీతో కలిపి ఇస్తే ఇనుము ఒంటికి పట్టదు. అన్నం తిన్న గంట తర్వాత ఇచ్చి, పైన కాస్త నిమ్మరసం నీళ్లు తాగిస్తే బాగా పడుతుంది. చిన్నపిల్లలకు టీ అసలు అక్కర్లేదు. ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో ఇచ్చే నులిపురుగుల మాత్ర (ఏడాది నుంచి రెండేళ్ల లోపు సగం, ఆపైన ఒకటి) నమిలి మింగించాలి, మూడేళ్ల లోపు వాళ్లకు మాత్రం పొడిచేసి నీళ్లతో కలిపి ఇవ్వాలి. కళ్ల పరీక్ష సంగతి బళ్లకు తెలుసు కనుక వివరించడం లేదు.

నిద్ర గురించి మాత్రం చెప్పాలి. మూడు నుంచి ఐదేళ్ల పిల్లకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. రాత్రి సీరియళ్లు అయ్యేదాకా టీవీ, ఆ తర్వాత చేతికి ఫోను, పదకొండుకు పడక, ఆరున్నరకు బడి వ్యాను. మధ్యలో ఉక్కపోత, దోమలు. ఏడున్నర గంటలైనా నిద్రపోని ఐదేళ్ల పిల్లకు ధ్యాస లేదని పేరు పెట్టడం అన్యాయం. నోరు తెరుచుకుని నిద్రపోయే, గురకపెట్టే పిల్లను కూడా డాక్టరుకు చూపించాలి. ముక్కు వెనక ఎడినాయిడ్ గడ్డలు పెరిగి నిద్ర చెడితే పగలంతా పరాకే.

ఇవన్నీ సరిచేశాక కూడా ఆరు నెలలపాటు బడిలోనూ ఇంట్లోనూ ధ్యాస నిలవని పిల్లలు కొందరు మిగులుతారు. వాళ్లకున్న సమస్య ఏమిటో వైద్యుడే నిర్ణయించాలి. ఆరేళ్ల లోపు పిల్లలకు మొదటి వైద్యం మందు కాదు, తల్లిదండ్రులకూ టీచరుకూ ఇచ్చే శిక్షణ.

ఆ శిక్షణలో ఉండేవి కష్టమైన పనులు కావు. తలుపుకూ కిటికీకీ దూరంగా, టీచరుకు దగ్గరగా కూర్చోబెట్టడం. ముందు పేరు పిలిచి, కళ్లు కలిశాక, ఒక్కసారికి ఒక్క పనే చెప్పడం. "పలక తీసి, బలపం పట్టుకుని, నిన్నటి అక్షరం పక్కన రాయి" అంటే మూడు పనులు. పరాకు పిల్లకు మొదటిదే అందుతుంది. పని ఐదు నుంచి ఏడు నిమిషాల్లో ముగిసేలా ఉండాలి, ముగించగానే ఏం బాగా చేసిందో పేరు పెట్టి మెచ్చుకోవాలి. "శభాష్" అని ఊరుకుంటే ఎందుకో పిల్లకు తెలియదు, "చివరి గింజ దాకా లెక్కపెట్టావు" అంటే తెలుస్తుంది. వామనగుంటలు ఇందుకు చక్కని ఆట. ఏడేసి గుంటల్లో చింతపిక్కలు ఒక్కొక్కటే వేస్తూ పోవాలి, మధ్యలో పరాకైతే లెక్క తప్పుతుంది, ఎదుటివాళ్ల వంతు వచ్చేదాకా ఆగాలి. "వీరీ వీరీ గుమ్మడిపండు" ఆటలో చెవీ ఓపికా రెండూ పనిచేస్తాయి. ఇవన్నీ వదిలేసి నాలుగేళ్ల పిల్లతో రోజుకు మూడు పేజీలు రాయించే నర్సరీల్లో ధ్యాస పెరగదు, విరక్తి పెరుగుతుంది.

తరగతి మొత్తానికి పనికొచ్చే పద్ధతి ఒకటి అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో 1985–86లో ఒకటో తరగతుల్లో పరీక్షించారు. పిల్లల్ని మూడు నాలుగు జట్లు చేస్తారు, దుడుకు పిల్లలూ నెమ్మది పిల్లలూ అన్ని జట్లలో కలిసేలా. కొద్దిపాటి నియమాలు రాసి గోడకు అంటిస్తారు. మొదట పది నిమిషాలు, వారానికి మూడుసార్లు. నియమం తప్పితే ఆ జట్టు పేరుకింద ఒక గీత. గీతలు నాలుగు దాటని ప్రతి జట్టూ గెలిచినట్టే, అన్ని జట్లూ గెలవొచ్చు. ఒక్క జట్టే గెలవాలని పెడితే పిల్లలు తమ జట్టులోని పరాకు పిల్లను తరిమేస్తారు, పద్ధతి అక్కడే చెడిపోతుంది. ఆ పిల్లలు పెద్దయ్యాక, ముఖ్యంగా మొదట్లో బాగా దుడుకుగా ఉన్న మగపిల్లల్లో, మత్తు అలవాట్లు తగ్గాయి.

సంపాదన దాకా వెంబడించిన ప్రయత్నాలూ ఉన్నాయి. కెనడాలోని మాంట్రియల్‌లో పేద పేటల దుడుకు మగపిల్లలకు ఏడు నుంచి తొమ్మిదేళ్ల మధ్య రెండేళ్లు, బడిలో మెలకువలూ ఇంట్లో తల్లిదండ్రులకు శిక్షణా ఇచ్చారు. నలభై దగ్గరపడే వయసు దాకా చూస్తే వాళ్ల సగటు ఏడాది సంపాదన, శిక్షణ అందనివాళ్లకన్నా నూటికి 20 ఎక్కువగా ఉంది. జమైకాలోని కింగ్‌స్టన్‌లో 1986–87లో, ఎదుగుదల గిడసబారిన 129 మంది పసివాళ్లతో చేసిన ప్రయోగం మన పరిస్థితికి ఇంకా దగ్గర. అందులో కొందరి ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు వారానికి ఒక గంట, రెండేళ్లు వెళ్లి, పారేసే డబ్బాలూ సీసాలతో చేసిన బొమ్మలతో పిల్లను ఎలా ఆడించాలో తల్లికి చూపించారు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ పిల్లల సంపాదన, ఆ సాయం అందనివాళ్లకన్నా నూటికి 25 ఎక్కువ. కొబ్బరిచిప్పలు, తాటాకులు, ఈనెలు పుష్కలంగా ఉన్న సీమలో బొమ్మలకు డబ్బు లేదనే మాట రాకూడదు.

అడ్డు వచ్చేది అంగన్‌వాడీ కార్యకర్త సమయం. బరువులు తూచి, ఫోటోలు తీసి, యాప్‌లో ఎక్కించి, సరుకులు పంచి, రిజిస్టర్లు రాసేసరికి మూడు నుంచి ఆరేళ్ల పిల్లల ముందు కూర్చునే వేళ కరిగిపోతుంది. తమిళనాడులో 320 కేంద్రాల మీద చేసిన ప్రయోగంలో, సగం పూట పనిచేసే మనిషిని ఒకరిని అదనంగా ఇస్తే పిల్లలకు చెప్పే సమయం రెట్టింపైంది, అక్షరాలూ లెక్కలూ మెరుగయ్యాయి, గిడసబారిన పిల్లలూ తగ్గారు. మన డెల్టా జిల్లాల్లో రద్దీ కేంద్రాలతోనైనా ఇది మొదలుపెట్టాలని స్త్రీ శిశు సంక్షేమ శాఖను కోరుతున్నాం.

ఇంకొక లోటు ఉంది. పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ పథకం, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలను ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులను ఒకసారి చూడాలి. అమలాపురం, భీమవరం, పాలకొల్లు, తణుకు వంటి పట్నాల్లో మూడేళ్లకే ప్రైవేటు ఎల్‌కేజీకి వెళ్లే పిల్లలు ఆ చూపుకు అందడం లేదు. ప్రైవేటు బడుల యాజమాన్యాలు ఏటా నవంబరులో దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంతో మాట్లాడుకుని ఒక రోజు చెవి, కంటి, రక్త పరీక్షలు పెట్టించవచ్చు. ఫలితాన్ని తల్లిదండ్రులకే చెప్పాలి. ప్రోగ్రెస్ కార్డు మీద రాయకూడదు, టీసీ వెంట పంపకూడదు. పిల్లల్ని కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను నిషేధించింది. ధ్యాస లేని పిల్లను కొడితే ఆమె ధ్యాస దెబ్బ మీద ఉంటుంది, పాఠం మీద ఉండదు.

మీ పత్రికకు ఒక విన్నపం. వచ్చే నవంబరు మొదటి వారంలో జిల్లా పేజీలో ఆ నాలుగు ప్రశ్నలూ వేయండి. అయితే విడిగా వేయవద్దు. పక్కనే గుసగుస పరీక్ష చేసే తీరు, సిరప్పు మోతాదు, పిల్లల నిద్ర గంటలు కూడా అంతే పెద్ద అక్షరాల్లో వేయండి. ప్రశ్నలు ఒక్కటే వేస్తే, చెవిలో జిగురు నీరున్న పిల్లకు ఆ సాయంత్రానికే ఇంట్లో పేరు పెట్టేస్తారు.

ఇట్లు,
పిల్లల వైద్యం, అంగన్‌వాడీ శిక్షణ, ప్రాథమిక బోధనలో పనిచేస్తున్న కొందరు,
కోనసీమ, పశ్చిమగోదావరి